పగడపు గట్టు మీద వతేలి

ఊ కొట్టండి, చెబుతాను. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే ఈ కథ ఒడ్డు విడిచి కదలదు.

పొద్దు పొడిచే దిక్కున నేలంతా అయిపోయాక నీళ్ళు మొదలవుతాయట. ఆ నీళ్ళకి అంతు లేదు. అంతు లేని ఆ నీళ్ళలో ఉండుండి ఒక దీవి, ఇంకెంతో దూరాన ఇంకో దీవి. అలాంటి దీవుల్లో ఒకటి లోవానా. ఎప్పటి మాట అంటే, మన తాతల తాతలకి పాలపళ్ళు ఊడని కాలం నాటి మాట.

లోవానాకి నడుమ ఒక కొండ. కొండ మీద ఒక ఊరు, కింద ఒడ్డున ఒక ఊరు. దీవి చుట్టూ పగడపు గట్టు. ఆ గట్టుకి ఒక్కటే కంత. దోనె పోవాలన్నా రావాలన్నా ఆ కంతలోంచే. కంత పక్కన చెట్టూ చేమా లేని ఇసక తిన్నె ఒకటుంది. పక్షులు తప్ప అక్కడ ఎవరూ వాలరు.

ఒడ్డు ఊళ్ళో వతేలి అని ఒక ఆడమనిషి. ఆ దీవిలో పందులున్నవాడిదే మాట. వతేలికి పందులు లేవు. చేపలకి పోయిన మొగుడు తిరిగి రాలేదు. మీలే అని ఒక్క కూతురుంది. కొండ నడుములో ఊట ఉంటే, వెదురు గొట్టాల్లో నీళ్ళు నింపి ఊరంతటికీ మోసేది వతేలి. పొద్దున్నే మోసేది. మధ్యాహ్నం మోసేది. పొద్దు వాలాక మోసేది. "వతేలీ, నీళ్ళు!" అని కేకేయడమే తప్ప, ఆమెతో ఇంకో మాట ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఒకనాడు ఓడ వచ్చింది. తెల్ల తెరచాపల ఓడ. గట్టు అవతల లంగరు వేసింది. ఒడ్డునున్న మగాళ్ళు విల్లులు అందుకున్నారు. ఓడలోంచి ఒక్క మనిషి నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ వచ్చాడు. నల్లటి పొడుగు అంగీ ఒంటికి అతుక్కుపోయింది. మెడకి కట్టుకున్న మూటలో కానుకగా తెచ్చిన ఇనప గాలాలున్నాయి. చేతిలో కత్తి లేదు, వెనక తోడు లేదు. ఒక్కడే, అదీ తడిసి వణుకుతున్నవాడు. ఎవరికీ బాణం వెయ్యాలనిపించలేదు.

ఆయన ఇంగ్లండు దేశపు క్రైస్తవ సంఘంవాళ్ళు పంపిన పాదిరీ. పేరు హార్కోంబ్. లోవానా వాళ్ళకి ఆ పేరు నోరు తిరగలేదు. ఆకోమ్ అన్నారు. ఆయన పక్క దీవిలో నాలుగు మాటలు నేర్చుకుని వచ్చాడు. "మీ పిల్లల్ని నాతో పంపండి. నేర్పి తెస్తాను" అనబోయి, "వండి తెస్తాను" అన్నాడు. ఆ భాషలో ఆ రెండు మాటలకీ తేడా చిన్న ఊపిరంత. అందరూ బిగుసుకుపోయారు. తర్వాత ఒక ముసలామె కిసుక్కున నవ్వింది. ఊరంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ఆకోమ్ కూడా నవ్వాడు. మొదలైంది అలా నవ్వుతోనే. తర్వాతి రోజుల్లో ఆ సంగతి గుర్తొస్తే ఎవరికీ నవ్వు రాలేదు.

ఊరి పెద్ద పేరు మలకా. దంతాలు మెలి తిరిగిన పందులు వాకిలి నిండా ఉన్నవాడు. "నా కొడుకు వోసిని పంపను" అన్నాడు మలకా. "పందులు లేనివాళ్ళ పిల్లల్ని పట్టుకుపో." అని చుట్టూ చూశాడు. చూపు మీలే మీద ఆగింది.

మీలే తల్లి దగ్గరికి వచ్చింది. "అమ్మా, వెళ్ళనా?"

"వెళ్ళమన్నారుగా."

"వాళ్ళు కాదు. నువ్వేమంటావ్?"

నువ్వేమంటావని వతేలిని అంతవరకూ ఎవరూ అడగలేదు.  "చలేస్తే నిప్పు దగ్గర కూర్చో" అంది. మీలేతో పాటు ఇంకొందరు పిల్లలూ ఓడెక్కారు.

ఓడ వచ్చింది. మంచి మాటలే చెప్పింది. ఓడ పోయింది.

పెండలం తవ్వే కాలం వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఇచ్చిన మాట తప్పకుండా ఓడ కూడా వచ్చింది. మీలే దిగింది. పొడుగైంది. మెడ నుంచి మడమ దాకా నీలం గౌను. "నా పేరు ఇప్పుడు రూతు, అమ్మా" అంది. వతేలి ఆ పేరు రెండు సార్లు అనబోయింది. నాలుక మీద నిలవలేదు. 

ఆకోమ్ బడి ఉన్న దీవిలో చలి ఎలా ఉండేదో, గంట కొడితే అందరూ ఒకేసారి ఎలా లేచేవాళ్ళో, ఎన్నెన్ని దీవుల పిల్లలు ఒక్క చూరు కింద ఎలా పడుకునేవాళ్ళో మీలే చెప్పింది. పాటలు పాడింది. పందులున్నవాడినీ లేనివాడినీ ఒక్కలాగే చూసే దేవుడున్నాడని చెప్పింది. పందులు లేనివాళ్ళు దగ్గరికి జరిగి విన్నారు. పందులున్నవాళ్ళు దూరం నుంచి విన్నారు. అయినా పొద్దున్నే తల్లి కంటే ముందు లేచి, గౌను మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, వెదురు గొట్టాలు భుజానికెత్తుకునేది మీలే. తల్లీ కూతుళ్ళు కొండ దారిలో ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడిచేవాళ్ళు. వతేలి బతుకులో బాగున్న రోజులంటే అవే. ఎక్కువ లేవు.

నీళ్ళు మోసేదాని కూతురు అంతదయ్యి రావడం చూసి మలకాకి కన్ను కుట్టింది. ఓడ ఇంకా గట్టు అవతలే ఉంది, ఈసారి తన కొడుకునే పంపాడు. వోసి ఓడెక్కాడు. మలకా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, తెరచాప కనబడినంతసేపూ చూశాడు.

అయితే మీలేతో పాటు దిగినవాళ్ళలో ఒకడు దగ్గుతూ దిగాడు. ప్రయాణపు దగ్గే అనుకున్నారు.

ఓడ వచ్చింది. మంచి మాటలే చెప్పింది. ఓడ పోయింది. దగ్గు ఉండిపోయింది.

దగ్గినవాడు ముందు పోయాడు. వాడిని ఒళ్ళో పెట్టుకున్న తల్లి పోయింది. చూడవచ్చిన చుట్టాలు పోయారు. ఒంట్లో నిప్పు రాజుకున్నట్టు జ్వరం, రొమ్ము చీలిపోయేట్టు దగ్గు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ దీవి మనుషులు ఎన్నడూ ఎరగని జబ్బు అది. వాళ్ళ ఒళ్ళకి దాన్ని ఎలా తట్టుకోవాలో తెలియదు. ఇళ్ళల్లో పొయ్యి రాజెయ్యడానికి లేచేవాళ్ళు లేరు. ఏడ్చేవాళ్ళ కంటే పోయినవాళ్ళు ఎక్కువయ్యారు.

కొత్త దేవుడిని తెచ్చినందుకు పాతవాళ్ళకి కోపం వచ్చిందని కొందరన్నారు. పాతవాళ్ళని వదలనందుకు కొత్త దేవుడికి కోపం వచ్చిందని కొందరన్నారు. మలకా వతేలి గుమ్మం ముందు నిలబడి, "నీ కూతురు తెచ్చిందే ఇది" అన్నాడు. వతేలి గొట్టాలెత్తుకుని ఊటకి పోయింది. పొద్దున్నే మోసింది. మధ్యాహ్నం మోసింది. పొద్దు వాలాక మోసింది. ఇప్పుడు "వతేలీ, నీళ్ళు!" అని కేకేసే గొంతులు కూడా లేవు. తనే ఇల్లిల్లూ దూరి, తలకాయ ఎత్తిపట్టి, పెదాలు తడిపేది.

మీలే కూడా ఇల్లిల్లూ తిరిగింది. ప్రార్థన చెప్పింది, కక్కింది ఎత్తింది, కాళ్ళు తుడిచింది. ఒకరోజు గడప దగ్గరే కూలబడి దగ్గింది. తల్లి చాప పరిచింది.

"అమ్మా, నేను పోతే దేవుడు రూతూ అని పిలుస్తాడు. నువ్వేమని పిలుస్తావ్?"

"మీలే అనే."

"సరే. అలాగే పిలువు."

పిలిచింది. కూతురు పలికినంతసేపూ పిలిచింది. పలకడం మానేశాక కూడా ఇంకా కాసేపు పిలిచింది. తర్వాత చేమదుంపల మడి పక్కన గుంట తవ్వి, నీలం గౌనుతోనే పడుకోబెట్టింది. ఆ వేళప్పుడు పాట పాడాలని తెలుసు. పాట తెలిసినవాళ్ళు లేరు. తనకి మొదటి ముక్కే వచ్చు. అదే మళ్ళీ మళ్ళీ అంది. ఆకాశం వైపు చూసి, "నీ పని అయిందా?" అని అడిగింది. 

కొండ మీది ఊళ్ళో మాత్రం ఎవరూ దగ్గలేదు. వాళ్ళ అవ్వ ఒకామె కంచె దగ్గర నిలబడి కిందకి కబురు పెట్టింది. "దగ్గని పిల్లలుంటే పంపండి. పెద్దవాళ్ళు ఒక్కరూ రావద్దు. ఈ దగ్గు మనుషుల కాళ్ళతోనే కొండెక్కుతుంది." మిగిలిన పిల్లల్ని దారి మొదట్లో వదిలారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని ఎక్కారు. తల్లులు కిందే నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పారు గానీ, పిల్లలంతా తిరిగి చూశారు.

చివరికి దగ్గు ఆగింది. మందుకి ఆగలేదు, మొక్కుకి ఆగలేదు. పట్టుకోవడానికి మనుషులు చాలక ఆగింది. పిల్లలు కొండ దిగి వచ్చారు. కొందరు ఇళ్ళకి పోయారు. కొందరికి పోవడానికి ఇల్లుంది, ఇంట్లో ఎవరూ లేరు. అలాంటి పిల్లలు వతేలి వెంట తిరిగేవాళ్ళు. ఆమె వాళ్ళని రమ్మనలేదు, పొమ్మనలేదు. దుంప కాల్చి ముందు పెట్టేది.

పిల్లలు దిగి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఓడ వచ్చింది.

తెల్ల తెరచాపలు కనబడగానే ఒడ్డున మిగిలిన మగాళ్ళు విల్లులు తీశారు. "ఈసారి దిగినవాడిని దిగినట్టే పడేస్తాం" అన్నారు. మలకా ముందు నిలబడ్డాడు. వతేలికి రెండూ కనబడ్డాయి. వాళ్ళు దిగితే దగ్గు దిగుతుంది. వాళ్ళని చంపితే ఫిరంగుల ఓడ వస్తుంది. పక్క దీవిలో అలాగే వచ్చి ఊళ్ళు కాల్చిందని అందరూ విన్నారు. ఎటు చూసినా పిల్లలే పోతారు.

"పెద్దయ్యా, నేను పోయి అడిగొస్తాను" అంది.

"ఏమడుగుతావే?"

"మీలో దగ్గేవాళ్ళున్నారా అని."

మలకా ఆమె వంక చూశాడు. "పో" అన్నాడు. పోతే నీళ్ళు మోసేదేగా అనుకున్నాడో, ఏమనుకున్నాడో.

వతేలి దోనె ఎక్కి ఒక్కతే తెడ్డు వేసుకుంటూ పోయింది. కంత దాటి, ఓడకి కాస్త దూరంలో ఆపింది. ఆకోమ్ అంచు దగ్గరికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. గడ్డం నెరిసింది.

"అయ్యా! మీలో దగ్గేవాళ్ళున్నారా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఉన్నారమ్మా. అందుకే పడవ దింపలేదు. బడి ఉన్న దీవిలోనే పట్టుకుంది. పిల్లలు... చాలామంది పిల్లలు పోయారు." తర్వాత అడిగాడు. "మన రూతు ఎలా ఉంది?"

"మీలే పోయింది."

ఆకోమ్ టోపీ తీశాడు. "రూతు దేవుడి దగ్గరుంది" అన్నాడు.

"మీలే చేమదుంపల మడి పక్కన ఉంది" అంది వతేలి. "అయ్యా, నువ్వు చెడ్డవాడివి కాదు. నువ్వు చెడ్డవాడివైతే బాగుండేది. మొదటిరోజే బాణం వేసి ఉండేవాళ్ళు."

ఆయన ఓడ లోపలికి వేలు చూపించాడు. "వోసి కింద గదిలో పడుకుని ఉన్నాడు" అన్నాడు. "ఇల్లు, ఇల్లు అంటున్నాడు. తెల్లారిన దగ్గర్నుంచీ ఇంకో మాట లేదు. తెచ్చానే గానీ, దింపడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యమంటావమ్మా?"

వతేలి వెనక్కి చూసింది. ఒడ్డున మనుషులు చీమల్లా కనబడుతున్నారు. వాళ్ళ కాళ్ళ సందున ఇంకా చిన్న చీమలు. పిల్లలు.

"నాకివ్వు" అంది.

వోసిని దుప్పటిలో చుట్టి తాళ్ళతో దోనెలోకి దింపారు. ఒక పీపాలో నీళ్ళు, ఒక బుట్టలో రొట్టెలు ఇచ్చారు. ఆకోమ్ తాడు పట్టుకుని తనూ దిగబోయాడు. వతేలి తెడ్డు అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు. నువ్వూ పోతే మిగతా దీవులవాళ్ళకి ఎవరు చెబుతారు, ఓడని ఒడ్డుకి రానివ్వొద్దని?"

ఆయన తాడు పట్టుకుని అలాగే వేలాడాడు. తర్వాత మెల్లగా పైకెక్కాడు.

వతేలి దోనె తిప్పింది. కంత దగ్గరికి రాగానే ఒడ్డున ఉన్నవాళ్ళకి దోనెలో పడుకున్నది ఎవరో తెలిసింది. మలకా కేకేశాడు.

"వోసీ! నా కొడుకే! ఏమే, ఇలా తే, ఒడ్డుకి తే!"

వోసి తల ఎత్తి తండ్రిని చూసి, దగ్గి, వాలిపోయాడు. వతేలి తెడ్డు ఆపింది. దోనె ఇటు వచ్చిందా, తండ్రికి కొడుకు దక్కుతాడు, ఒక పూటకో రెండు పూటలకో. ఆమె దోనెని ఇసక తిన్నె వైపు తిప్పింది.

"ఎటు పోతున్నావే! ఒడ్డుకి తే అంటున్నాను!"

"తేను, పెద్దయ్యా!"

ఆమె అంత పెద్ద గొంతుతో అరవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. మలకా బాణం సంధించాడు.  "నీ కూతురు పోయిందని నా కొడుకుని నాకు కాకుండా చేస్తున్నావే!" అని అరిచాడు.

"నా కూతురు ఇంటికొచ్చింది!" అంది వతేలి. "ఇంటికొస్తే ఏమైందో చూశావుగా! నీ వెనకున్న పిల్లల్ని చూడు, తర్వాత వెయ్యి!"

మలకా వెనక్కి చూశాడు. బాణం వదిలాడు. అది దోనెకి ఇవతలే నీళ్ళలో పడింది. కావాలని అలా వేశాడంటారు కొందరు. గురి తప్పిందంటారు కొందరు. ఆయన మాత్రం విల్లు అక్కడే పారేసి, రొమ్ము లోతు నీళ్ళలోకి నడిచి, ఇక ముందుకి పోలేక నిలబడి, కొడుకు పేరు పెట్టి ఏడ్చాడు.

వతేలి వోసిని తిన్నె మీదికి లాగింది. దోనె బోర్లించి నీడ చేసింది. "ఇల్లొచ్చిందా?" అని అడిగాడు వోసి.

ఎదురుగా కొండ ఉంది. సీమపనస చెట్లున్నాయి. తండ్రి గొంతు గాలి మీద వినబడుతోంది. "వచ్చింది. అదుగో, చూడు" అని తల తిప్పి పట్టుకుంది. అది అబద్ధమో నిజమో ఆమెకే తెలియలేదు.

వోసి బతకలేదు. అలాంటి దగ్గుకి బతికినవాళ్ళు తక్కువ. ఇసకలోనే పూడ్చింది. ఒడ్డువాళ్ళు దూరం నుంచే చూశారు. ఇక వచ్చెయ్యమని చేతులూపారు. మలకా కూడా ఊపాడు. వతేలి లేచి నిలబడింది. ఒక అడుగు వేసింది. వంగి దగ్గింది.

తర్వాత ఆమె నీళ్ళ దాకా పోయి దోనెని కంతలోకి తోసేసింది. వెనక్కి తీస్తున్న ఆటు దాన్ని బయటి సముద్రంలోకి లాక్కుపోయింది. చూస్తున్నవాళ్ళకి అర్థమైంది. ఆశ పుట్టి, మనసు మారి, తను ఒడ్డుకి రాకుండా అలా చేసింది. అమ్మలు లేని పిల్లలు "వతేలీ, వతేలీ" అని పిలిచారు. ఆమె వాళ్ళ వైపు వీపు పెట్టి కూర్చుంది. చూస్తే పలకాలనిపిస్తుందని కాబోలు.

తిన్నె మీద రోజూ, అలలకి కొట్టుకొచ్చిన పుల్లలతో కాస్త పొగ లేచేది. పొగ లేచినంతకాలం ఆకోమ్ ఓడ గట్టు అవతల తిరుగుతూనే ఉంది. ఒక పొద్దున పొగ లేవలేదు. ఓడ మీద జెండా సగానికి దించారు. సాయంత్రానికి తెరచాపలెత్తారు. ఒడ్డువాళ్ళలో ఎవరూ చెయ్యి ఊపలేదు, ఎవరూ బాణం వెయ్యలేదు.

ఓడ పోయింది.

ఆకోమ్ మళ్ళీ ఆ దీవికి రాలేదు. ఎక్కడో ఏదో గట్టు దగ్గర, దగ్గు ఉంది రావద్దని చెప్పబోతుంటే బాణం తగిలిందని ఒక మాట. దగ్గే పట్టుకుందని ఇంకో మాట. మలకా వాకిట్లో పందులు ఎటుపోయాయో ఎవరూ పట్టించుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత కొండ మీదివాళ్ళే కొందరు దిగి వచ్చి ఒడ్డున ఇళ్ళు వేశారు. పాత ఇళ్ళవాళ్ళ పాటల్లో సగం వీళ్ళకి రావు. ఆ సగం ఎవరికీ రాదు. పోయింది అంతే.

తర్వాత ఇంకో పాదిరీ వచ్చాడు, గుడి కట్టారు. గుడిలో చదివే పుణ్యాత్ముల పేర్లలో వతేలి పేరు లేదు, ఆమె పాదిరీ చేత తల మీద నీళ్ళు పోయించుకుని క్రైస్తవుల్లో కలవలేదు గనక. పెద్దల ఆత్మల్ని పిలిచే పేర్లలోనూ ఆమె పేరు లేదు, పందులు లేవు గనక. ఒక పెద్ద గాలివానకి తిన్నె కూడా కొట్టుకుపోయి, కొంచెం అవతల మళ్ళీ లేచింది. ఆమె ఎక్కడ పడుకుందో చూపించేవాళ్ళు లేరు.

కానీ లోవానాకి ఏ పడవ వచ్చినా ఈనాటికీ కంత దగ్గర ఆగాల్సిందే. చుట్టాల దోనె అయినా ఆగాలి, బిషప్పుగారి లాంచీ అయినా ఎండలో ఆగాలి. ఒడ్డు నుంచి ఒకరు కేకేస్తారు. "మీలో దగ్గేవాళ్ళున్నారా?" లేరంటే రమ్మంటారు. ఉన్నారంటే పడవ తిన్నె దగ్గరికి పోతుంది. దగ్గేవాడు ఒంటరిగా ఉండకూడదని ఒడ్డు నుంచి ఒకరు వాడి దగ్గరికి పోతారు.

ఎవరు పోవాలో అని చీట్లు వెయ్యరు, ఎవరినీ బతిమాలరు. వెనక ఎవరూ లేనివాళ్ళే ముందుగా లేస్తారు. ముండమోసిన ఆడది, పిల్లలు దక్కని మగాడు, ఎవరి ఇంట్లోనూ తమ చాప లేనివాళ్ళు. లేచి దోనె ఎక్కిన మనిషిని ఆ క్షణం నుంచి సొంత పేరు పెట్టి పిలవరు. ఆడైనా మగైనా, బతికొచ్చినా రాకపోయినా, వతేలి అనే అంటారు.

ఇప్పటికి ఆ దీవిలో చాలామంది వతేలిలు అయ్యారట. తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ.